తెరకి ఒక్క చెయ్యి

ఆశ్వయుజ శుద్ధ విదియ. గాలి నైరుతి, మెత్తగా ఉంది.

తెర ఆరోగ్యం బాగుంది. నాదే బాగాలేదు.

తెరచాప ఎలా ఉందో ప్రతి పడవా రోజూ రాసిపెట్టాలని రేవు సంఘం నియమం. ఒక తెరకి తెగులొస్తే రేవులో తెరలన్నిటికీ అంటుకుంటుంది, అందుకని. ఇన్నేళ్ళుగా 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకునేదాన్ని. ఇవాళ ఊరుకోలేను. పడవలో ఈ చివర గొణిగితే ఆ చివర వినిపిస్తుంది. కడుపులో ఉన్నది కక్కడానికి నాకు ఈ రాత తప్ప వేరే చోటు లేదు.

మా ఆయన ఎల్లాజీ చిన్ననాటి స్నేహితుడు విశ్వం, ఆయన భార్య హైమ పొద్దున్న మా పడవలో దిగారు. వాళ్ళుండేది మేడకొండ మీద. సముద్రం ఎంత పెరిగినా వాళ్ళ గుమ్మం దాకా ఎక్కదు. దసరా సెలవులకి గాలి పీలుద్దామని వచ్చారట. ఐదు పెట్టెలు, ఒక మడత కుర్చీ. మడత కుర్చీ! దాన్ని డెక్కు మధ్యలో వేసుకుని కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు మహానుభావుడు. మా పాప దీప తెరకొయ్య దగ్గరికి వెళ్ళాలంటే ఆయన కాళ్ళ మీంచి దాటాలి.

"ఒరేయ్ ఎల్లాజీ, అదృష్టవంతుడివిరా. అద్దె లేదు, పక్కింటివాళ్ళ గోల లేదు," అన్నాడు.

"ఆయ్, ఏదోలేరా," అని మా ఆయన పళ్ళన్నీ బయటపెట్టాడు.

చుట్టం పడవెక్కగానే వాళ్ళ చేతులు మనమే కడిగి మనమే తుడవాలని మా ఆచారం. మళ్ళీ దిగేదాకా ఆ చేతులకి ఏ పనీ చెప్పకూడదు. తాడు పట్టుకోనివ్వకూడదు, తిన్న పళ్ళెం ఎత్తనివ్వకూడదు. ఎందుకమ్మా అని చిన్నప్పుడు మా అమ్మని అడిగితే 'మర్యాద' అనేది. వచ్చినవాళ్ళకి మర్యాద, ఉన్నవాళ్ళకి శిక్ష. విశ్వం చెవిలో ఎప్పుడూ ఒక బొత్తాం ఉంటుంది. ఆయన దేన్ని చూసినా దానికి చెబుతాడు, అది కొండ మీద జనానికి వినిపిస్తుంది. నేను చేతులు కడుగుతుంటే దానితో అంటున్నాడు:

"మిత్రులారా, ఈ నీటి మనుషులు అతిథి చేతులు స్వయంగా కడుగుతారు. ఎంత అమాయకత్వం! ఎంత ప్రేమ!"

ప్రేమట. ఆ నీళ్ళు సలసల కాగుతూ ఉండి ఉంటే బాగుండేది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి. గాలి లేదు.

తెర బాగుంది. మంచినీళ్ళ ట్యాంకే బాగాలేదు.

హైమ తలంటుకుంది, తాగే నీళ్ళతో. వాన పడితేనో సంఘం నీళ్ళ పడవ వస్తేనో తప్ప మాకు ట్యాంకు నిండదు. ఆ మాటే చెబితే "అయ్యో, ముందే చెప్పొద్దా వదినా" అంది. అంటే తప్పు నాదన్నమాట.

విశ్వానికి మునిగిన ఊరు చూపించాలట. ఎల్లాజీ ఆయన్ని చిన్న తెప్ప మీద తీసుకెళ్ళి, నీళ్ళ కింద సినిమా హాలు పైకప్పూ బస్టాండూ చూపించి తీసుకొచ్చాడు. రాగానే ఆకలి. పులుసు వడ్డిస్తే "ముల్లు లేని చేప దొరకదా వదినా?" అన్నాడు. ముల్లు లేని చేప సంగతి నాకు తెలీదు గానీ, వెన్నెముక లేని మనిషి నా మొగుడున్నాడు. "రేపు చూత్తాన్రా," అంటున్నాడు.

పొద్దున్న నేను తెరకి గంజి పూస్తుంటే హైమ వచ్చి పక్కన నిలబడింది.

"ఇది బట్ట కాదా?" అని దీపని అడిగింది.

"కాదత్తా, బతికున్నది. రోజూ గంజి తాగుద్ది. ఎవరు పూత్తే ఆళ్ళ చెమట గుర్తెట్టుకుంటది. అమ్మ చెయ్యి ఇదుగో, ఈ మొదలు మీద పెడితే పువ్వులా ఇచ్చుకుంటది. ఇంకెవరు పెట్టినా ఇచ్చుకోదు."

"మీ నాన్న పెట్టినా?"

"నాన్న పెట్టినా, నేను పెట్టినా అంతే. తెరకి ఒక్క చెయ్యే. నాకు పదారొచ్చాక అమ్మ పుయ్యడం మానేసి నాకిచ్చేత్తది. అప్పుడు పడవ నాదవుద్ది."

"కాగితాలేమీ ఉండవా?"

"నీళ్ళ మీద కాగితాలేటత్తా? నానిపోవూ? తెర ఎవరి చేతికిచ్చుకుంటే పడవ ఆళ్ళది."

హైమ తెర అంచుని ముట్టుకోబోయి, నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా ఇంట్లో తలుపు దగ్గర్నుంచి పొయ్యి దాకా అన్నీ మీ మామయ్య గొంతుకే పలుకుతాయి దీపా," అంది. "నేను బయటికి వెళ్ళాలన్నా ఆయన 'తెరుచుకో' అనాలి."

నవ్వుతూనే చెప్పింది. నాకేమీ జాలి వెయ్యలేదు. నా బుర్రంతా ఆ తలంటు నీళ్ళ మీదే ఉంది.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి. గాలి నైరుతి, ఆగి ఆగి వీస్తోంది.

తెర బాగుంది. దసరా వెళ్ళిపోయింది. చుట్టాలు వెళ్ళలేదు.

ఎప్పుడెళ్తారని చుట్టాన్ని అడగడం మా పడవల్లో బూతు కింద లెక్క. అందుకని మా ఆయన్ని అడగమన్నాను, ఎలాగూ వాళ్ళిద్దరూ బూతులు మాట్లాడుకునేంత స్నేహితులే కదా అని.

"ఎలాగడుగుతానే?" అన్నాడు ఎల్లాజీ. "పాపకి జొరమొత్తే ఆడింట్లోనే గదా నెల్లాళ్ళున్నాం."

ఉన్నాం. కాదనను. దీప ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం వాళ్ళ వరండాలో పడుకున్నాం. నాకు వేరే గ్లాసు. ఆ నెలంతా ఆ ఇంటి అంట్లు నేనే తోమాను, ఆ ఇంటి బట్టలు నేనే ఉతికాను. ఊరికే తింటున్నానని ఒక్కరి చేతా అనిపించుకోలేదు. వచ్చేరోజు మేము మెట్లు దిగుతుండగానే, మేము పడుకున్న చాపని హైమ గోడ మీంచి అవతలికి విసిరేసింది. నేను వెనక్కి తిరిగాను కాబట్టి చూశాను. ఎల్లాజీ చూడలేదు. ఆయన జన్మలో వెనక్కి చూడడు, అందుకే హాయిగా నిద్రపోతాడు.

పొద్దున్న మామూలుగానే హైమ వచ్చింది. "నేనేమైనా చెయ్యనా వదినా?" అంది. రోజూ అడుగుతుంది. రోజూ నేను "అయ్యో, మీరెందుకండీ" అంటాను. ఇవాళ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ళింట్లో నా చేతులు అరిగిపోయినప్పుడు 'అయ్యో, మీరెందుకు' అని ఎవరైనా అన్నారా? గంజి గిన్నె తీసి ఆవిడ చేతుల్లో పెట్టాను.

"మొదలు నుంచి కొస దాకా, మడత మడతకీ పుయ్యాలండి. చల్లారకుండా," అన్నాను.

"అమ్మా!" అంది దీప. "చుట్టాల చేత పని చేయిత్తావా? తప్పు కదా?"

"నోర్ముయ్."

వేళ్ళు జిగురు పట్టి, మెడ పట్టేసి, రెండు రోజుల్లో ఆవిడే పెట్టెలు సర్దుకుంటుందని నా ఎత్తు.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి. గాలి పడిపోయింది.

తెర బాగుంది. నిగనిగలాడుతోంది.

హైమ పెట్టెలు సర్దుకోలేదు సరికదా, నాకంటే ముందే లేచి గంజి కాస్తోంది. గాజులు మోచేతి దాకా తోసుకుని, ఒక్కో మడతా విప్పి, పసిపిల్లకి నూనె రాసినట్టు రాస్తోంది. నేనైతే నాలుగు పూతలు పూసి అయిందనిపించేదాన్ని. ఆవిడకి పూట పడుతోంది. పట్టనీ. నేను ఎండెక్కేదాకా పడుకున్నాను. మా అమ్మ నాకు చెయ్యి ఇచ్చిన నాటినుంచి ఎండెక్కేదాకా పడుకున్న రోజు ఒక్కటి లేదు. లేచేసరికి హైమ డెక్కు కడుగుతోంది. అంట్లు కూడా ఆవిడే తోమింది. నేను విశ్వం మడత కుర్చీలో కూర్చుని చూశాను. కుర్చీ చాలా సుఖంగా ఉంది.

విశ్వం బొత్తాంతో అంటున్నాడు: "మిత్రులారా, మా హైమ ఇక్కడి స్త్రీలతో పూర్తిగా కలిసిపోయింది."

దీప నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె.

ఆశ్వయుజ పౌర్ణమి. గాలి తూర్పుకి తిరుగుతోంది.

తెర గురించి ఏం రాయాలో తెలియడం లేదు.

పౌర్ణమి పోటు పెద్దది. నీళ్ళెక్కితే రేవు చివరి పడవలన్నీ లోపలికి జరగాలి. చిన్న పని. ఎన్నోసార్లు చేశాను. తెరకొయ్య దగ్గరికి వెళ్ళి మొదలు మీద చెయ్యి వేశాను. కదల్లేదు. చెయ్యి పొడిగా ఉందేమో అనుకుని ఉప్పునీళ్ళలో ముంచి మళ్ళీ వేశాను. కదల్లేదు. మా అమ్మమీద చెయ్యెత్తినట్టే అనిపించింది గానీ, కోపం ఆగక దాన్ని ఒక్కటి చరిచాను. అది ఇంకా బిగుసుకుంది.

"వదినా, ఏమైంది?" అంటూ హైమ వచ్చింది. కొయ్య పట్టుకుని నిలబడదామని చెయ్యి చాపింది. ఆ చెయ్యి మొదలుకి తగిలీ తగలగానే తెర పై కొస దాకా విచ్చుకుంది.

ఎల్లాజీ చుక్కాని దగ్గర నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మా అమ్మ పడవ. మా అమ్మమ్మ పడవ. దీపకి ఇవ్వాల్సిన పడవ. కొండ మీంచి పెట్టెలతో దిగిన మనిషి చేతికి పలుకుతోంది.

"తియ్యండి చెయ్యి!" అని అరిచాను. ఆవిడ తీసింది. తెర ముడుచుకుంది. పడవ నీళ్ళ మీద అడ్డంగా తిరిగి పక్క పడవని గుద్దుకుంది. మళ్ళీ నేనే "వెయ్యండి!" అని అరవాల్సి వచ్చింది.

విశ్వం కుర్చీలోంచి చప్పట్లు కొట్టాడు.

ఆశ్వయుజ బహుళ చవితి. గాలి ఎటూ నిలకడ లేదు.

తెర బాగాలేదు. అంచులు పసుపు తిరిగాయి.

హైమని తెర దగ్గరికి రావద్దన్నాను. మొహం మీదే అన్నాను. పాత చెయ్యి తెర మళ్ళీ గుర్తుపట్టకపోతుందా అని నా ఆశ. ఆవిడ పూసినట్టే ఒక్కో మడతా విప్పి పూశాను. తాగలేదు. గంజి గంజిలాగే జారి డెక్కు మీద పడింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇవాళ కింది మడత వాడిపోయి గుడ్డపేలికలా వేలాడింది. ఎల్లాజీ పాత బట్ట తెర బయటికి తీశాడు. దులుపుతుంటేనే చిరుగులు పడింది. ఈ ఎండలకి బట్ట నిలిచి ఎన్నేళ్ళయిందో.

"ఈశాన్యం పడితే అందరూ దచ్చిణానికెళ్ళిపోతారు. మనం ఇక్కడే ఉంటే తుఫానుకి ముక్కలైపోతాం రత్నం," అన్నాడు. "ఆవిణ్ణడుగు."

"నువ్వడుగు. నీ స్నేహితుడి పెళ్ళామే కదా."

"గిన్నె ఇచ్చింది నువ్వు."

ఆయన నన్ను ఎదిరించి ఒక మాటనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. దానికి ఈ సందర్భమే దొరికింది.

అడిగాను. హైమ చేపలకి ఉప్పు పట్టిస్తోంది. తెర చచ్చిపోతోందనీ, వచ్చి గంజి పుయ్యమనీ చెప్పాను. 'దయచేసి' అనలేదు. అనలేకపోయాను.

"నాకు తెలియక జరిగింది వదినా," అంది.

"తెలిస్తే మానేసేదానివా?"

ఆవిడ చేతికంటిన ఉప్పు దులుపుకుంది. "మానేసేదాన్ని కాదు," అంది. నేను అప్పటిదాకా ఆవిణ్ణి 'మీరు' అనేదాన్ని. ఆ క్షణం నుంచి మానేశాను. తెర మాత్రం రెండు గిన్నెల గంజి ఏకబిగిన తాగింది.

ఆశ్వయుజ బహుళ షష్ఠి. గాలి తూర్పు, చల్లగా.

తెర కోలుకుంది. నేను దిగజారాను.

విశ్వానికి విసుగొచ్చింది. చేపలు విసుగు, ఊపు విసుగు, కుర్చీ తుప్పు పట్టిందట. "ఇక బయల్దేరుతాం వదినా, చాలా రోజులైపోయింది," అన్నాడు. ఈ మాట కోసం నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. తీరా వచ్చేసరికి నాకు వద్దనిపించింది. హైమ దిగిపోతే తెరకి తిండి లేదు.

"అప్పుడేనా అన్నయ్యగారూ?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యమేసింది. "ఇంకో నాలుగు రోజులుండండి. రేపు ముల్లు తీసి వండుతాను."

"లేదు వదినా, పనులున్నాయి."

"మీరలా వెళ్ళిపోతే మేమెంత చిన్నబోతామో! ఏవయ్యా, చెప్పవేం?"

ఎల్లాజీ కూడా బతిమాలాడు. దీప మా ఇద్దరినీ చూసి ఛీ అన్నట్టు మొహం తిప్పుకుంది. ముల్లు తీసిన చేప, కాగబెట్టిన స్నానపు నీళ్ళు, కుర్చీకి కొబ్బరినూనె. విశ్వం కరిగాడు. బొత్తాం నొక్కాడు.

"మిత్రులారా, వీళ్ళు మమ్మల్ని కదలనివ్వడం లేదు! కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు!"

కళ్ళనీళ్ళ మాట నిజమే. ఎందుకో ఆ బొత్తానికి తెలీదు.

హైమ తెర మొదలు దగ్గర కూర్చుని గాజులు ఒక్కొక్కటీ తీసి పెట్టెలో వేస్తోంది. పుయ్యడానికి అడ్డమట.

ఆశ్వయుజ బహుళ అష్టమి. ఈశాన్యం పడింది.

తెర బాగుంది.

తెల్లారేసరికి రేవంతా కేకలు. వెనకాల తుఫాను పుట్టిందట, మధ్యాహ్నంలోగా పడవలన్నీ దక్షిణానికి కదలాలి. కదిలే ముందు రేవు పెద్ద సూరాయమ్మ పడవ పడవకీ వస్తుంది. ఆ పడవ ఆడమనిషి ఆవిడ ముందు మొదలు మీద చెయ్యి వెయ్యాలి. తెర విచ్చుకుంటే 'నీ పడవ, నీ దారి' అని పంపిస్తుంది.

విశ్వం ఎవరితోనూ చెప్పకుండా ఐదు పెట్టెలూ కుర్చీ గట్టు మీదికి చేర్చేశాడు. "హైమా, దిగు!" అని అక్కణ్ణుంచి పిలుస్తున్నాడు. హైమ దిగలేదు. ఇంతలో సూరాయమ్మ పడవెక్కింది.

"రత్నం, చెయ్యెట్టు."

పెట్టాను. ఏమో, ఇవాళైనా కరుణిస్తుందేమోనని కళ్ళు మూసుకుని పెట్టాను. చుట్టూ పడవల మీద జనం చూస్తున్నారు. తెర రాయిలా ఉంది. నేను చెయ్యి తీస్తే హైమ ముందుకొచ్చి వేసింది. విచ్చుకుంది.

సూరాయమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈవిడెవరే?"

"చుట్టం," అన్నాను. "కొండ మీంచి వచ్చింది. పడవ నాదే పెద్దమ్మా. నీకు తెలీదా? మా అమ్మ నాకు చెయ్యి ఇచ్చినప్పుడు నువ్వే గదా ఉన్నావు?"

"చుట్టం చేతికి గంజి గిన్నె ఎవరిచ్చేరు?"

నా కళ్ళు గంజి గిన్నె మీదికి పోయాయి.

"చుట్టాల చేతులు కడిగి ఊరికే కూచోబెడతాం, ఎందుకనుకున్నావే? ఆళ్ళ మీద ప్రేమకా? ఆళ్ళ చెమట తెరకి తగలకుండా. మర్యాదనుకున్నావు కాబోలు. మీ అమ్మ చెప్పలేదా?"

చెప్పలేదు. మా అమ్మకీ ఎవరూ చెప్పి ఉండరు. ఎవరూ తప్పని ఆచారానికి కారణం ఎవరడుగుతారు?

గట్టు మీంచి విశ్వం అరుస్తున్నాడు. "హైమా! హాస్యాలాడకు. ఇంటికెళ్దాం పద." ఆవిడ కదలకపోయేసరికి తెరవైపు వేలు చూపించి, వాళ్ళింట్లో తలుపులతో మాట్లాడినట్టు, "ముడుచుకో!" అన్నాడు. మళ్ళీ గట్టిగా "ముడుచుకో!" అన్నాడు. పక్క పడవల మీద పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన మొహం కందగడ్డ అయింది. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని.

"నేను రానండి," అంది హైమ. "ఆ ఇంటి తలుపు నా చేతికి తెరుచుకోదు. ఇది తెరుచుకుంటుంది."

"ఇది నీ ఇల్లు కాదు హైమా," అన్నాను. అనడం కాదు, మీదపడబోయాను. ఎల్లాజీ పట్టుకున్నాడు. "మేము పడుకున్న చాప కూడా పారేసినదానివి. నా పడవ ఉంచుకుంటావా?"

ఆవిడ నా కళ్ళలోకి చూసే చెప్పింది. "చాప ఆయన పారేయమన్నారు. నేనే పారేశాను. అప్పుడు తప్పే చేశాను వదినా, ఇప్పుడూ తప్పే. అయినా దిగను."

సూరాయమ్మకి మా గొడవ వినే తీరిక లేదు. తూర్పున ఆకాశం నల్లబడుతోంది. "తెర ఎవరిదో పడవ ఆళ్ళది," అంది. హైమ వైపు తిరిగి, "ఈ ముగ్గుర్నీ ఉంచుకుంటావా, దింపేత్తావా?" అంది.

"ఉంచుకుంటాను."

"నీ పడవ, నీ దారి," అని సూరాయమ్మ పక్క పడవలోకి దాటింది.

ఉంచుకుంటుందట. నన్ను. గట్టు మీద మనిషీ పెట్టెలూ చిన్నవైపోతుంటే నేను నా పడవలో ఎక్కడ నిలబడాలో తెలియక, తాగే నీళ్ళ ట్యాంకు మీద కూర్చున్నాను.

ఆశ్వయుజ బహుళ దశమి. గాలి ఈశాన్యం, ఇప్పుడిప్పుడే తగ్గుతోంది.

తెర అలిసిపోయింది. చిరుగులు లేవు.

తుఫాను అంచు నిన్న మధ్యాహ్నం మమ్మల్ని అందుకుంది. రేవు దాటి పెద్ద నీళ్ళు చూడని మనిషి హైమ. తొలి అలకే పడకేసింది. కింది గదిలో బకెట్టు పట్టుకుని వాంతులు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. పెద్ద గాలికి తెర బెదురుతుంది. తెలిసిన చెయ్యి మొదలు మీద ఉంటేనే ధైర్యంగా విచ్చుకుని ఉంటుంది. లేకపోతే ముడుచుకుపోతుంది, పడవ అలకి అడ్డం తిరుగుతుంది, ఆ తర్వాత రాసేవాళ్ళెవరూ ఉండరు.

కిందికి వెళ్ళి ఆవిణ్ణి రెక్క పట్టి ఈడ్చుకొచ్చాను. నిలబడలేకపోతుంటే మోకుతో తెరకొయ్యకి కట్టేశాను. అయినా చెయ్యి జారిపోతోంది. చివరికి వెనకనుంచి వాటేసుకుని, ఆవిడ చేతిని నా చేత్తో మొదలు మీద అదిమి పట్టాను. గాలి తగ్గేదాకా అలాగే. నా భుజం మీద రెండుసార్లు కక్కింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. దీప తండ్రితో చుక్కాని పట్టుకుంది. దాని పెదాలు కదులుతున్నాయి గానీ ఏడుస్తోందో మొక్కుకుంటోందో వినిపించలేదు.

పొద్దుటికి గాలి జోరు తగ్గింది. ఇక తెర ముడుచుకున్నా పడవ తిరగబడదు. కట్లు విప్పేశాను. ఎల్లాజీ చుక్కాని మీదే తల వాల్చి నిద్రపోయాడు. దీప కింద గంజి కాస్తోంది. హైమ పాక్కుంటూ అంచుకి వెళ్ళి మళ్ళీ వాంతి చేసుకోవడానికి వంగింది. అప్పుడు, పోతూపోతూ ఒక పెద్ద అల పడవని పక్కకి ఎత్తేసింది. ఆవిడ అంచు మీంచి అవతలికి వెళ్ళిపోయింది.

నేనెలా చేరుకున్నానో తెలీదు. మణికట్టు దొరికింది. కుడి చెయ్యి. తెరకి తెలిసిన చెయ్యే. ఆవిడ మొత్తం బరువంతా ఆ ఒక్క చేతిలో వేలాడుతోంది. నడుం దాకా నీళ్ళలో ఉంది. అరవలేదు. నా వైపు చూస్తోంది.

సంఘం చదివితే చదవనీ, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వదిలెయ్యాలనిపించింది. చూసేవాళ్ళు లేరు. తెరకి ఆకలేస్తుంది. నాలుగు రోజులు పస్తులుంటే, ఆవిడే పడవలో లేక ఆవిడ వాసన గాలికి పోతే, నా చెయ్యి పడుతుంది. పడవ నాది. పదారేళ్ళు వచ్చాక దీపది. అలల తప్పే గానీ నా తప్పు కాదు. ఇదంతా ఒక్క ఊపిరిలో అనుకున్నాను. అనుకోవడం పూర్తికాకుండానే నా చేతులు ఆవిణ్ణి లాగేశాయి. నన్నడగలేదు. మోకాళ్ళు అంచుకి ఒత్తుకుపోయి రక్తం కారుతున్నా లాగాయి. ఆవిడ తడి మూటలా వచ్చి నా మీద పడింది. ఇద్దరం డెక్కు మీద వెల్లకిలా పడి రొప్పుతున్నాం. నాకు ఏడుపొచ్చింది. మంచితనం వల్ల కాదు. పడవ నా చేతుల్లోంచి రెండోసారి పోయిందని, ఈసారి నేనే పోగొట్టుకున్నానని.

దీప గంజి గిన్నె తెచ్చి మా మధ్య పెట్టింది. ఎవరికి ఇవ్వాలో తెలియక మధ్యలో పెట్టింది. హైమ లేవబోయి లేవలేకపోయింది. నేను ఆవిణ్ణి చంకల కింద పట్టి లేపి, కొయ్య దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టాను. ఆవిడ చెయ్యి వాలిపోతుంటే నా చెయ్యి కింద పెట్టి పట్టుకున్నాను. రెండు చేతులూ గంజిలో మునిగాయి.

"నన్ను వదిలేసి ఉంటే నీ పడవ నీకొచ్చేసేది కదా వదినా," అంది హైమ, నా వైపు చూడకుండా.

"గంజి చల్లారిపోతంది," అన్నాను. "నోరు మూసుకుని పుయ్యి."